దీవుల లీజులు - ఖజానాకు చిల్లులు: మాల్దీవుల పాఠం



2024లో మాల్దీవులకు 20 లక్షలకు పైగా పర్యాటకులు వెళ్లారు. ఆ దేశ చరిత్రలోనే అది రికార్డు. అదే ఏడాది అక్టోబరులో, విదేశీ మారక నిల్వలు అడుగంటిన స్థితిలో ఆ దేశం మన దేశంతో ఒక కరెన్సీ మార్పిడి ఒప్పందం కుదుర్చుకుంది. 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల మేరకు మనం ఆదుకుంటామన్నాం. ఇంతమంది అతిథులు వచ్చే ఇంట్లో ఈ కటకట ఎందుకు? జవాబు కోసం కొంచెం వెనక్కి వెళదాం.

దీవే గని

మన లక్షద్వీప్‌లోని మినికాయ్‌కు దక్షిణంగా దాదాపు 1,200 పగడపు దీవులున్నాయి. అవే మాల్దీవులు. జనం నివసించేవి 200 లోపే. 1965లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడి ప్రధాన జీవనాధారం చేపల వేట. 1972లో రాజధాని మాలే సమీపాన తొలి రిసార్టు వెలిసింది. ఒక దీవికి ఒక రిసార్టు అన్న పద్ధతి స్థిరపడింది. దీవి ప్రభుత్వానిది, వ్యాపారి దానిని లీజుకు తీసుకుంటాడు. గనులు, విశాలమైన పంటభూములు లేని దేశానికి ఆ దీవులే గనులన్నమాట. ఏ దీవిని ఎవరికి, ఎంతకు ఇచ్చారన్నదే అక్కడి ఆర్థిక వ్యవస్థకు ఆయువుపట్టు. ఈ విషయం గుర్తుంచుకోండి.

పక్కదారి

దీవులను బహిరంగ టెండర్ల ద్వారా ఇవ్వడం రివాజు. కానీ అబ్దుల్లా యామీన్ అధ్యక్షుడుగా ఉన్న కాలంలో, 2014, 2015 సంవత్సరాల్లో పర్యాటక ప్రచారం కోసం ఏర్పడిన ఒక ప్రభుత్వ సంస్థ ద్వారా, పోటీ లేకుండానే అనేక దీవులను, మడుగులను కట్టబెట్టారు. లీజుదారులు ఆ సంస్థ పేరిట చెక్కులిచ్చారు. ఆ చెక్కులను ఒక ప్రైవేటు కంపెనీ ఖాతాలోకి మళ్లించారు. ఖజానాకు చేరవలసిన సొమ్ము అక్కడి నుంచి ఎందరి చేతుల్లోకో పోయింది. దాదాపు 7.9 కోట్ల డాలర్లు దారిమళ్లాయని 2016 ఫిబ్రవరిలో ఆడిట్ నివేదిక లెక్కగట్టింది. 2014 జనగణన ప్రకారం ఆ దేశ జనాభా సుమారు 4 లక్షలు. అంటే తలకు దాదాపు 200 డాలర్లు!

కాపలాదారులు ఏమయ్యారు?

కాపలాదారులు లేకపోలేదు. 2014 అక్టోబరులోనే ఆడిటర్ జనరల్ నియాజ్ ఇబ్రహీం కార్యాలయం పర్యాటక మంత్రి అహ్మద్ అదీబ్‌పై ఆరోపణలతో నివేదిక ఇచ్చింది. ఆ రోజుల్లోనే పార్లమెంటు ఆడిట్ చట్టాన్ని సవరించింది. నియాజ్ పదవి పోయింది. మరుసటి ఏడాది అదీబ్ ఉపాధ్యక్షుడయ్యారు. అధ్యక్షుడి పడవలో జరిగిన పేలుడు కేసులో 2015 అక్టోబరులో అరెస్టయ్యేదాకా ఆయన హవా సాగింది. 2016 ఆగస్టులో కఠినమైన పరువునష్టం చట్టం వచ్చి పత్రికల నోరు కట్టింది. మరుసటి నెలలోనే అల్ జజీరా ఈ కుంభకోణంపై డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. 2018 ఎన్నికల్లో ప్రజలు యామీన్‌ను ఓడించారు. 2019లోను, 2022లోను ఆయనకు శిక్షలు పడినా, మొదటిదాన్ని 2021లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. రెండవ కేసులో 2024లో హైకోర్టు పునర్విచారణకు ఆదేశించింది. నేరాన్ని అంగీకరించిన అదీబ్‌కు 2020లో 20 ఏళ్ల శిక్ష పడింది.

తొందరపాటు ఖరీదు

నష్టం దొంగతనం వల్లనే రాదు. 2010లో మాలే విమానాశ్రయ అభివృద్ధిని 25 ఏళ్ల ఒప్పందంతో, తెలుగువాడైన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్ సంస్థ భాగస్వామిగా ఉన్న కూటమికి అప్పగించారు. 2012లో ప్రభుత్వం మారాక ఒప్పందాన్ని రద్దు చేశారు. అందులో అవినీతి లేదని 2013లో ఆ దేశ అవినీతి నిరోధక కమిషనే తేల్చింది. చివరకు 2016లో మధ్యవర్తుల తీర్పు మేరకు మాల్దీవులు దాదాపు 27 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. పైన చెప్పిన కుంభకోణం సొమ్ముకు ఇది మూడు రెట్లకు మించిన మొత్తం.

వీటికి తోడు వంతెన, విమానాశ్రయ విస్తరణ వంటి భారీ నిర్మాణాలకు అప్పులు పెరిగాయి. 2020లో కోవిడ్ వచ్చింది. 2019లో 17 లక్షలున్న పర్యాటకుల సంఖ్య ఐదున్నర లక్షలకు పడిపోయింది. ఆర్థిక వ్యవస్థ మూడోవంతు కుంచించుకుపోయింది. ఒకే ఆదాయంపై బతికే దేశానికి వానలరోజు కోసం దాచిన నిల్వ ఉండాలి. ఆ నిల్వ కావలసిన సొమ్ములో కొంత అంతకుముందే చేజారిపోయింది.

మనకేమిటి?

ఇది చిన్న దేశాల కథే అనుకోకండి. పోటీ లేకుండా, పారదర్శకత లేకుండా కేటాయించిన బొగ్గు గనులలో 214ను 2014లో మన సుప్రీంకోర్టు రద్దు చేసింది. దీవైనా, గనైనా ప్రజల ఆస్తే. అతిథులు ఎందరు వచ్చారన్న అంకె పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది. లీజు ఎవరికి ఇచ్చారు, వేలం జరిగిందా, సొమ్ము ఏ పద్దులో జమయింది అన్నవి లోపలి పేజీల్లో ఉంటాయి. మీరు ఆ లోపలి పేజీలు చదవడం అలవాటు చేసుకోండి. కంచె చేను మేస్తోందని పసిగట్టవలసింది పొలం గలవారే కదా!