రాధికా సాంత్వనముపై నిషేధం

రాధికా సాంత్వనము 18వ శతాబ్దపు తెలుగు కవయిత్రి ముద్దుపళని రచించిన శృంగార ప్రబంధము. ఈమె తంజావూరు మరాఠా పాలకుడు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందినది. విక్టోరియా యుగపు నీతిభావనల వలన నిషేధానికి గురైన తెలుగు కావ్యాలలో ఇది ముఖ్యమైనది.

విమర్శ

ఇంగ్లండులో 1857లో అశ్లీల ప్రచురణల చట్టం వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి కూడా అశ్లీల గ్రంథాల విక్రయాన్ని నేరంగా పరిగణించింది. ఆనాటి సంస్కర్తలలో పలువురు పూర్వపు శృంగార కావ్యాలను నిరసించారు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి స్త్రీల పక్షాన నిలిచిన కందుకూరి వీరేశలింగం, ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని అంగీకరిస్తూనే, ఆమెను వేశ్యగా పేర్కొని, స్త్రీ పలుకరాని మాటలు కావ్యంలో ఉన్నాయని ఆక్షేపించాడు.

నిషేధం, ఎత్తివేత

దేవదాసీ కుటుంబంలో జన్మించిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఈ కావ్యాన్ని పరిష్కరించగా 1910లో వావిళ్ళవారు ప్రచురించారు. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు ఉండనక్కరలేదా అని ఆమె పీఠికలో ప్రశ్నించింది. వీరేశలింగం రచనలలోనూ ఇటువంటి వర్ణనలున్నాయని చూపింది. అయినను 1911లో బ్రిటిషు ప్రభుత్వం గ్రంథాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో నిషేధం తొలగింది. 1952లో వావిళ్ళవారు పునర్ముద్రించారు.

పునర్మూల్యాంకనం

స్త్రీవిద్యను కోరిన సమాజమే విదుషి అయిన స్త్రీ తన శృంగారానుభూతిని తానే చెప్పుటను సహింపలేకపోయినదనుటకు ఈ కావ్యచరిత్ర నిదర్శనం. 1991లో సూసీ తారు, కె. లలిత సంకలనం చేసిన భారతీయ స్త్రీల రచనల సంపుటి ఈ వివాదాన్ని మరల చర్చకు తెచ్చింది.