పళ్లెం మీది పది నిమిషాలు: కూచిపూడి విశ్వవ్యాప్తికి విస్మృత కారణం

కూచిపూడి ప్రపంచానికి ఎలా తెలిసింది అన్న ప్రశ్నకు మన సిద్ధాంత గ్రంథాలు దాదాపు ఒకే వరుసలో జవాబు చెబుతున్నాయి. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సు, విస్సా అప్పారావు ప్రసంగం, కూచిపూడి శాస్త్రీయమా కాదా అన్న రగడ, మరుసటి ఏడు హైదరాబాదులో రాష్ట్ర అకాడమీ సదస్సు, ఆపైన గుర్తింపు, ఆపైన విదేశాలు. ఈ వరుస చదివినప్పుడల్లా నాకొకటే సందేహం: సదస్సు తీర్మానం చదివి టికెట్టు కొన్న ప్రేక్షకుడు ఎక్కడున్నాడు?

ఈ సందేహం పుట్టింది గ్రంథాలయంలో కాదు, పిడుగురాళ్లలో. సున్నపు బట్టీల ఊళ్లో డ్యాన్సు స్కూళ్ల వార్షికోత్సవాలకు వచ్చేవాళ్లలో నాట్యశాస్త్రం తెలిసినవాళ్లు అరుదు. జతులు నడుస్తుంటే వెనక వరుసల్లో కబుర్లు సాగుతూనే ఉంటాయి. వేదిక మీద ఇత్తడి పళ్లెం పెట్టగానే అవి ఆగిపోతాయి. అమ్మాయి పళ్లెం అంచును కాలివేళ్లతో బిగించి పట్టి, ఒంటి బరువును ఒక పాదం నుంచి మరో పాదానికి మారుస్తూ, తాళం తప్పకుండా పళ్లేన్నే ముందుకు నడిపిస్తుంది. నారాయణతీర్థుల తరంగం సంస్కృతంలో ఉందన్న బాధ ఎవరికీ ఉండదు. పిడుగురాళ్లలో జనాన్ని కట్టిపడేసే ఈ పది నిమిషాల విడి అంశమే ప్యారిస్‌లోనూ, పిట్స్‌బర్గ్‌లోనూ కట్టిపడేస్తుందన్నది నా ప్రతిపాదన.

బందా వాదనతో పేచీ

శాస్త్రీయతే కూచిపూడిని నిలబెట్టిందన్న ధోరణికి ఒరవడి పెట్టినవారు బందా కనకలింగేశ్వరరావు. ఆయన స్వయంగా రంగస్థల నటుడు, పైగా వకీలు. వాదన పకడ్బందీగానే ఉంటుంది. కూచిపూడికి భరతుడితో చుట్టరికం కలిపి, ఆక్షేపించినవారి నోళ్లు మూయించారు. కానీ ఆయన గెలిచింది హోదా వ్యాజ్యం. హోదా వస్తే గ్రాంటు వస్తుంది, అవార్డు వస్తుంది, జనం రారు. హోదాకూ ఆదరణకూ ఉన్న ఈ తేడాను ఆయన పట్టించుకోలేదు. తర్వాతివాళ్లు ఆ లోపాన్నే సిద్ధాంతంగా మోస్తున్నారు.

జనాన్ని తెచ్చిన అసలు మలుపు ఢిల్లీ సదస్సుకు 19 ఏళ్ల ముందే వచ్చింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో వేదాంతం రాఘవయ్య దశావతార శబ్దం ఆడారు. రాత్రంతా సాగే మేళం నుంచి ఒక్క అంశం విడిపడి, కొద్ది నిమిషాల్లో ఒదిగి, ఫిల్ము మీదికెక్కింది. తర్వాత కూచిపూడి వాళ్లు మద్రాసు స్టూడియోల్లో కుదురుకున్నారు. రాఘవయ్య 1953లో ‘దేవదాసు’కు దర్శకుడయ్యారు. 1957 నాటి ‘మాయాబజార్’కు నృత్యం కూర్చింది పసుమర్తి కృష్ణమూర్తి. వెంపటి పెదసత్యం సినిమాలకు పనిచేస్తుంటే చినసత్యం ఆయన దగ్గర సహాయకుడు. రీలు లెక్క చూసుకుని అభినయం కుదించడం అక్కడే అబ్బింది. 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టే నాటికి చినసత్యానికి అది చేయి తిరిగిన విద్య అయిపోయింది.

భామాకలాపమే దీనికి గట్టి సాక్ష్యం. పూర్వం అది రాత్రుల తరబడి సాగేది. సత్యభామ తెర వెనక నిలబడి జడను తెర మీదుగా ఇవతలికి వేసేది. విద్యలో తనను ఓడించినవాడు ఆ జడ కోయవచ్చని సవాలు. సభలో పండితులు ఉండాలి, వాదం నడవాలి, ఆటకు తీరిక కావాలి. ఆధునిక రంగస్థలం దాన్ని ప్రవేశ దరువు దాకా కుదించింది. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ కాసేపట్లోనే భామ గర్వాన్నీ విరహాన్నీ చూపించి దేశాన్ని మెప్పించారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు నేర్పి, ఏకపాత్ర నృత్యాన్ని పెంచారు. కోరాడ నరసింహారావు దగ్గర నేర్చుకున్న ఇంద్రాణీ రెహమాన్, ఆ తర్వాత యామినీ కృష్ణమూర్తి విదేశీ వేదికల మీద ఆడింది ఇలాంటి విడి అంశాలనే. చినసత్యం ఆ ముక్కలను మళ్లీ కలిపి, ఒక సాయంత్రంలో ముగిసే ‘శ్రీనివాస కల్యాణం’ వంటి నృత్యనాటకాలు కట్టారు.

చిన్న అంశమే ముందు జనాన్ని పట్టి, తర్వాత పూర్తి ప్రదర్శనగా పెరగడం డబ్లిన్‌లోనూ జరిగింది. 1994 ఏప్రిల్ 30న యూరోవిజన్ పాటల పోటీ విరామంలో బిల్ వీలన్ సంగీతానికి మైకేల్ ఫ్లాట్లీ, జీన్ బట్లర్ బృందం ఆడిన ‘రివర్‌డాన్స్’ నిడివి ఏడు నిమిషాలు. 1995 ఫిబ్రవరికల్లా అది పూర్తి నిడివి ప్రదర్శనగా పెరిగింది, మరుసటి ఏడు న్యూయార్క్ చేరింది. చేతులు కదలకుండా పాదాలతో ఆడే ఆ పద్ధతి ఐరిష్ పోటీల్లో ఎప్పటి నుంచో ఉంది. కొత్తగా వచ్చినవి నిడివి, వరుస కట్టిన పాదాల మోత, టీవీ. 2010లో హైదరాబాదులో 2,800 మందికి పైగా కలిసి హిందోళ తిల్లానా అనే ఒక్క విడి అంశం ఆడి గిన్నిస్‌కెక్కడమూ ఈ కోవలోనిదే.

కారెంపూడి చెప్పేది

ఈ ప్రతిపాదనను వ్యతిరేక దిశ నుంచి పరీక్షించడానికి పల్నాడే చాలు. పల్నాటి వీరులకు జరిపే కారెంపూడి వీరారాధన రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజులు నడుస్తుంది. ఏ రోజు కథ ఆ రోజుదే. మందపోరును పది నిమిషాల్లో తేల్చేస్తామంటే ఆచారవంతులు ఒప్పుకోరు. అక్కిరాజు ఉమాకాంతం 1911లోనే పల్నాటి వీరచరిత్రను పరిష్కరించారు. జీన్ రోఘెయిర్ 1982లో ఆ వీరుల మౌఖిక కథను ఆంగ్ల గ్రంథంగా ఆక్స్‌ఫర్డ్‌కు చేర్చారు. పండితుల ఆదరణకు లోటు లేదు. అయినా విదేశం వెళ్లింది పుస్తకం, ఆట కాదు. బందా వాదన నిజమైతే ఇలా జరగకూడదు.

ప్రభుత్వ సాంస్కృతిక బృందాలు, అమెరికా తెలుగు సంఘాల పోషణ కూడా కూచిపూడికి తోడ్పడిన మాట కాదనలేం. అయితే పోషకుడు డబ్బు పెట్టేది ఒక సాయంత్రంలో ముగిసే ఆటకే.

కాబట్టి ఏ కళ ప్రపంచానికి చేరుతుందో తేల్చేది దాని పుట్టుక కాదు, కోతకు అది ఓర్చుకునే తీరు. తోలుబొమ్మలాటకైనా, బుర్రకథకైనా, ఒగ్గుకథకైనా ఇదే వర్తిస్తుంది. మన అకాడమీలు తాళపత్రాల వేట కొన్నాళ్లు ఆపి, ఆటను కుదించడం తెలిసిన దర్శకులను కళాకారుల దగ్గరికి పంపాలి. వీరుల కథ పాడే కారెంపూడి వీరవిద్యావంతులు తమ కథను కుదించాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. కుదించకపోతే లోకానికి తెలియలేదని వాపోయే హక్కు మాత్రం మనకు లేదు.