మూటలో ఏం కట్టుకున్నారు?

మా మామ్మ ఫరంపేట నుంచి తెచ్చుకున్న సామాన్లలో ఇప్పటికి మిగిలింది ఒక్క ఇత్తడి చెంబు. యానాంలో ఉన్న ఆ పేటకి నేను రెండే సార్లు వెళ్ళాను. మా తాతయ్య వాళ్ళు తుంగభద్ర కాలవ కింద పొలాల కోసం సింధనూరు వైపు క్యాంపుకి వచ్చేశారు. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు మామ్మ దగ్గర నేర్చుకున్నవే. తప్పులుంటే సర్దుకోండి.

కిందటి ఉగాదికి ముందు కన్నడ స్నేహితులతో శ్రీశైలం నడుద్దామని సంచి సర్దుతున్నాను. తూకం వేస్తే తొమ్మిది కేజీలు! మామ్మ చూసి నవ్వింది. ఆవిడ చిన్నప్పుడు శివరాత్రికి గౌతమి గట్టెంట కోటిపల్లి నడిచేవారట. మార్చుకోడానికి ఒక చీర, ఒక దుప్పటి, చెంబు, చద్దిమూట, కొంగున ముడేసిన చిల్లర. అంతే. కన్నడలో ఆ చద్దిమూటనే బుత్తి అంటారు.

ఇలాంటి మూటల గురించి ఎక్కడైనా రాసి ఉందా అని వెతికితే అందరూ చెప్పేది ఏనుగుల వీరాస్వామయ్య పేరే. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయల్దేరి కాశీ వెళ్ళి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దారి పొడుగునా రాసి పంపినవాటిని ఆయన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె 1838లో అచ్చు వేయించాడు. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, అన్నీ అందులో ఉంటాయి. దుకాణం లేని మజిలీకి ముందే బియ్యం, పప్పు కొనిపెట్టుకోవాలి కాబట్టి ఆ వివరాలు తర్వాత వెళ్ళేవాళ్ళకి బతుకు సంగతే. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అనే రోజులవి.

అయితే చదువుతుంటే నాకు ఒకటి గుచ్చుకుంది. వీరాస్వామయ్యతో దాదాపు వందమంది ఉన్నారు. ఆయన పల్లకీలో, సామాను మనుషుల భుజాల మీద. నిజంగా నడిచింది బోయీలు. వాళ్ళు తమకోసం ఏం కట్టుకున్నారు? ఇంకొకళ్ళ బరువు మోసేవాడికి సొంత మూట ఎంత ఉంటుంది, ఒక గొంగళి, ఒక పంచె? ఆ లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. 1828లోనే యానాం నుంచి కూలీలు రియూనియన్ దీవికి ఓడెక్కారు. వాళ్ళ మూటల సంగతీ అంతే.

ఆయన శ్రీశైలం వెళ్ళింది కూడా ఆత్మకూరు మీదుగా నల్లమలలోంచే. మేమూ అదే దారి: వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. మెట్లు 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కట్టించాడంటారు. ఇప్పుడు ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది వస్తారు. భ్రమరాంబ వాళ్ళకి ఇంటి ఆడపడుచు. అందుకని సంచిలో తమ బట్టలు తగ్గించుకుని అయినా అమ్మవారికి చీర పెట్టుకుంటారు. దారంతా దాసోహం పెట్టేవాళ్ళున్నారు కాబట్టి బుత్తి బరువు ఇప్పుడు లేదు. అడవిలో మాత్రం నీళ్ళే అన్నిటికంటే బరువు, వాటిని తగ్గించలేం.

నేను చేసిన తప్పు చెప్తాను. ఆఫీసులో ఏదీ టెస్ట్ చేయకుండా వదలను, కానీ కొత్త బూట్లని ఒక్కరోజు కూడా నడిచి చూడలేదు. రెండో రోజుకే మడమలు బొబ్బలెక్కాయి. జీన్స్ చెమటకి తడిసి తొడలు ఒరుసుకుపోయాయి. మా జట్టులో పెద్దాయన ఒకాయన కొబ్బరినూనె ఇచ్చి, తన లుంగీ ఒకటి ఇచ్చారు. ఆయన సంచిలో రెండు లుంగీలు, ఒక తువ్వాలు, కంబళి, టార్చి, పాత చెప్పుల జత. అమ్మవారి చీర వేరే కవర్లో, తడవకుండా. మూడు కేజీలుంటుందేమో. నా సంచిలోంచి సగం సామాను ఆత్మకూరులో బస్సుకి వేసి ఇంటికి పంపేశాను.

చెంబు మాత్రం పంపలేదు. నాగలూటి దాటాక అందరి బాటిళ్ళూ ఖాళీ అయ్యాయి. పెద్దచెరువు దగ్గర జనం గుమిగూడి ఉంటే ఆ చెంబే చేతులు మారింది. ఎవరో కన్నడలో "ఇదు ఎల్లిదు?" ఇది ఎక్కడిది అని అడిగారు. ఫరంపేట అని చెప్పాను. అదెక్కడో ఆయనకి తెలీదు, నీళ్ళు తాగి పక్కవాళ్ళకి అందించారు.