పాత నిబంధన ఎవరికి పాత?

మూసా, దావూద్, సులేమాన్, యూసుఫ్, యాఖూబ్. ఇవి మా ఇళ్లల్లో పేర్లు. మా రేషన్ కార్డుల మీద, మా దుకాణాల బోర్డుల మీద, మా ఖబరస్థాన్లలో రాళ్ల మీద ఉన్న పేర్లు. పక్క వీధిలో చర్చికి పోయే వాళ్ల ఇళ్లల్లో ఇవే మోషే, దావీదు, సొలొమోను, యోసేపు, యాకోబు అవుతాయి. మనుషులు వాళ్లే, ఉచ్చారణలే రెండు. అయితే ఈ పేర్లు మొదట ఎవరివో, ఆ ప్రజల సంగతి మాత్రం మేం గానీ ఆ పక్క వీధి వాళ్లు గానీ మాట్లాడుకునేది తక్కువ.

ఆ ప్రజల గ్రంథాన్ని తెలుగులో పాత నిబంధన అంటారు. ఉర్దూలో పురానా అహద్‌నామా. అహద్ అంటే మాట ఇచ్చిపుచ్చుకోవడం, ఒడంబడిక. తెలుగులో 'నిబంధన' అనగానే షరతు, రూలు అన్న అర్థం ముందుకొస్తుంది. ఉర్దూలో దేవుడికీ మనుషులకూ మధ్య కుదిరిన మాట అన్న అర్థం ఇంకా నిలబడి ఉంది. రెండు భాషల్లోనూ మారనిది ఒక్కటే: 'పాత'. ఎవరికి పాత? యూదులు తమ గ్రంథాన్ని ఎన్నడూ పాతదనలేదు. వాళ్లకది తనఖ్. వేరెవరో తమది కొత్తదన్నాక వీళ్లది పాతదైంది. ఒక జాతి గతానికి బయటివాళ్లు పేరు పెడితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క విశేషణం వెంట రెండువేల ఏళ్లు నడిస్తే చాలు.

మొదట ఆ ప్రజల సంగతి చూద్దాం.

ఇశ్రాయేలు అన్న పేరు గ్రంథం బయట మొదటిసారి కనిపించేది ఈజిప్టు రాజు మెర్నెప్తా వేయించిన విజయ శాసనంలో. కాలం సుమారు క్రీ.పూ. 1208. 1896లో థీబ్స్‌లో దొరికింది. ఇశ్రాయేలు నాశనమైందనీ దాని విత్తనం కూడా మిగల్లేదనీ ఆ రాజు రాయించుకున్నాడు. ఇవాళ ఆ రాజు మమ్మీగా మ్యూజియంలో ఉన్నాడు. అతను లేదన్న జాతి ఉంది. గెలిచినవాళ్లు రాసిందే చరిత్ర అని నమ్మేవాళ్లు ఈ రాయిని ఒకసారి తల్చుకోవాలి.

ఆ కాలంలో వాళ్లు కనాను కొండల్లో చిన్న చిన్న పల్లెల్లో ఉన్న రైతులు, పశువుల కాపరులు. ఒకే దేవుడు అన్న మాట వాళ్లకు ఒక్కరోజులో వచ్చింది కాదని తవ్వకాలు చెబుతున్నాయి. సినాయి ఎడారిలో కుంతిల్లెత్ అజ్రూద్ దగ్గర 1975-76లో దొరికిన కుండల మీద యెహోవా పేరు పక్కనే అషేరా పేరుంది. అవి క్రీ.పూ. 800 ప్రాంతపువి. అషేరా కనాను వాళ్ల దేవత. ప్రవక్తలు ఎందుకంత కోపంగా మాట్లాడారో ఆ కుండలు చూస్తే అర్థమవుతుంది. వాళ్లు పోట్లాడింది పరాయివాళ్లతో కాదు, తమ ఇంట్లోవాళ్లతోనే. క్రీ.పూ. 622 ప్రాంతంలో యోషీయా రాజు ఊరూరా ఉన్న బలిపీఠాలు పడగొట్టించి ఆరాధనను యెరూషలేముకే పరిమితం చేయడం కూడా ఆ ఇంటిపోరులో భాగమే.

అప్పటికే ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యం క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు చేతిలో పోయింది. దక్షిణాన మిగిలిన యూదా రాజ్యాన్ని బబులోను మింగింది. క్రీ.పూ. 587 ప్రాంతంలో యెరూషలేము కూలింది, గుడి కాలింది, పెద్దలూ పనివాళ్లూ బందీలుగా పోయారు. అప్పటి లోకపు లెక్క ప్రకారం రాజు ఓడితే దేవుడూ ఓడినట్టే. మట్టిలో కలిసిన చిన్న రాజ్యాలతో పాటు వాటి దేవుళ్లూ పోయారు. వీళ్లు మాత్రం ఆ లెక్క ఒప్పుకోలేదు. దేవుడు ఓడిపోలేదు, మేమే అహద్ తప్పాం అన్నారు. తమ రాజుల పాపాలు, తమ ధనవంతుల దోపిడీ, తమ యాజకుల కపటం అన్నీ దాచకుండా రాసిపెట్టుకున్నారు. రాజ్యం లేదు, గుడి లేదు. గ్రంథమే ఇల్లయింది. క్రీ.పూ. 539లో పారశీక రాజు సైరస్ బబులోనును గెలిచాక కొందరు తిరిగొచ్చి గుడి కట్టుకున్నారు. చాలామంది రానేలేదు. ఎక్కడున్నా సబ్బాతు, సున్తీ, గ్రంథ పఠనం వాళ్లను ఒకటిగా నిలిపాయి. అధికారం లేకుండా అస్తిత్వాన్ని కాపాడుకోవడం ఎలాగో లోకానికి నేర్పిన ప్రజల్లో వీళ్లు ముందువరుస వాళ్లు.

ఏ జాతైనా తనను తాను తిట్టుకుంటే దాన్ని ఆత్మవిమర్శ అంటాం. అవే తిట్లు శత్రువు నోట వస్తే నేరారోపణ అవుతుంది. ఆ గ్రంథానికి జరిగింది అదే.

ఈసా యూదుడు. పౌలు యూదుడు. తొలి శిష్యులంతా యూదులే. వాళ్ల మధ్య జరిగిన వాదం కూడా మొదట్లో ఇంటి వాదమే. యిర్మీయా ప్రవక్త చెప్పిన కొత్త ఒడంబడిక తమలో నెరవేరిందని వాళ్లన్నారు. క్రీ.శ. 70లో రోమన్లు రెండో గుడిని కూల్చారు. 135లో చివరి తిరుగుబాటునూ అణచి, యూదయ పేరు తీసేసి సిరియా పాలస్తీనా అని పెట్టారు. ఈ లోపల చర్చి యూదేతరులతో నిండింది. ఇంటి వాదం బజారు కొట్లాటైంది.

చర్చికి ఒక సమస్య వచ్చింది. రెండో శతాబ్దంలో మార్సియన్ అనే ఆయన ఆ పాత గ్రంథం మనకొద్దు, ఆ దేవుడు కూడా వేరు అన్నాడు. చర్చి ఆయన్నే వెలివేసి గ్రంథాన్ని ఉంచుకుంది. ఇది మెచ్చుకోవాల్సిన సంగతి. కానీ అదే శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ పండితుడు ఈ గ్రంథాలు ఇక మీవి కావు, మావి అని యూదులతో వాదించాడు. నిజమైన ఇశ్రాయేలు మేమే అన్నాడు. ఇల్లు కావాలి, ఇంటివాళ్లు వద్దు. కాథలిక్ వేదాంతి రోజ్‌మేరీ రూథర్ 1974లో ఈ పద్ధతిని బయటపెట్టింది: ప్రవక్తల మాటల్లో శాపాలన్నీ యూదులకు, వాగ్దానాలన్నీ చర్చికి పంచేశారని. ఒకే నోట ఒకే ప్రజకు చెప్పిన మాటలను రెండుగా చీల్చారన్నమాట.

ఒక ఉదాహరణ. యెషయా గ్రంథంలో ఒక యువతి కొడుకును కంటుందన్న గురుతు ఉంది. క్రీ.పూ. 734 ప్రాంతంలో ఇద్దరు శత్రురాజుల భయంతో ఉన్న ఆహాజు రాజుకు ప్రవక్త చెప్పిన ధైర్యం అది. హెబ్రీ మాట 'అల్మా', అంటే యువతి. అలెగ్జాండ్రియాలో యూదులే చేసుకున్న గ్రీకు అనువాదంలో అది 'పార్థెనోస్', అంటే కన్య అయింది. మత్తయి సువార్త ఆ గ్రీకు మాటనే తీసుకుంది. మర్యం కన్యగానే ఈసాను కన్నదని మేమూ నమ్ముతాం. కాబట్టి తగాదా ఆ నమ్మకంతో కాదు. ఆహాజు కాలంలో ఆ వాక్యానికి వేరే అర్థం ఉండేదన్న యూదుణ్ని గుడ్డివాడు అన్నారే, దానితోనే తగాదా. స్ట్రాస్‌బర్గ్ పెద్ద చర్చికి పదమూడో శతాబ్దంలో చెక్కిన ఇద్దరు స్త్రీల విగ్రహాలున్నాయి. కిరీటంతో నిలబడింది చర్చి. కళ్లకు గంతలతో, విరిగిన బల్లెంతో తల వాల్చింది యూదు ధర్మం.

వ్యాఖ్యానం పుస్తకాల్లోనే ఉండిపోతే ఇంత రాయాల్సిన పని లేదు. అది అధికారంతో చేయి కలిపింది. 388లో కాలినికం అనే ఊళ్లో, అంటే ఇవాళ్టి సిరియాలోని రఖ్ఖాలో, ఒక క్రైస్తవ గుంపు యూదుల ప్రార్థనామందిరాన్ని తగలబెట్టింది. అక్కడి బిషప్ తన ఖర్చుతో తిరిగి కట్టించాలని చక్రవర్తి థియొడోసియస్ ఉత్తర్వు ఇచ్చాడు. మిలాన్ బిషప్ ఆంబ్రోజ్ అడ్డం తిరిగాడు. చక్రవర్తి వెనక్కి తగ్గాడు. 1992 డిసెంబర్ 6 చూసినవాళ్లకు, తిరిగి కట్టిస్తామన్న మాటలు విన్నవాళ్లకు, ఈ కథ విడమర్చి చెప్పనక్కర లేదు.

1215లో రోములో లాటరన్ మహాసభ ఒక తీర్మానం చేసింది. క్రైస్తవ దేశాల్లో యూదులూ, సారసెన్లూ విడిగా గుర్తుపట్టే దుస్తులు వేసుకోవాలని. సారసెన్లంటే మేమే. 1242లో పారిస్‌లో బండ్లకు బండ్లు తల్మూద్ ప్రతుల్ని కాల్చారు. 1492లో స్పెయిన్ నుంచి యూదుల్ని వెళ్లగొట్టారు. 1609 నుంచి 1614 దాకా, బాప్తిస్మం తీసుకున్నా సరే, ముస్లిం మూలాలున్న మొరిస్కోలను వెళ్లగొట్టారు. ముందు వాళ్లకు కుట్టిన గుర్తే తర్వాత మాకూ సరిపోయింది.

ఆధునిక చరిత్ర శాస్త్రం వచ్చాకైనా కంటి గంతలు విడిచిపోవాలి కదా? జర్మన్ పండితుడు వెల్‌హౌజెన్ 1878లో గొప్ప పరిశోధన చేశాడు. ధర్మశాస్త్రంలో యాజక భాగం ప్రవక్తల తర్వాతి కాలంలో రాసిందని వాదించాడు. దానితో పాటే చెర తర్వాతి యూదు ధర్మం జీవం పోయి రూళ్ల మూటగా మిగిలిందన్న చిత్రమూ గీశాడు. 1903లో యూదు పండితుడు సాలమన్ షెక్టర్ ఈ ఉన్నత విమర్శ ఉన్నతమైన యూదు ద్వేషమే అన్నాడు. 1939లో జర్మనీలోని ఐసెనాక్‌లో ప్రొటెస్టంట్లే ఒక సంస్థ పెట్టారు. చర్చి జీవితంలో యూదు ప్రభావాన్ని తుడిచేయడం దాని పని. ఈసా యూదుడే కాదని నిరూపించబోయారు. అరవై లక్షల మంది యూదుల హత్య తర్వాత, 1965 అక్టోబర్ 28న, రెండో వాటికన్ మహాసభ యూదులు దేవుడు శపించిన జాతి అన్నట్టు చెప్పకూడదని ప్రకటించింది. ఆ పత్రమే ముస్లింలను కూడా గౌరవంగా తలచింది. పద్దెనిమిది వందల ఏళ్ల చదువును ఒక పత్రం మార్చలేకపోవచ్చు. మారగలదని మాత్రం చూపింది.

అలాగని ఇంకొకరి కథలో తమను చూసుకోవడం తప్పా? కాదు. అమెరికాలో నల్ల బానిసలు మోషే కథలో తమ విముక్తిని చూసుకున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని తెలుగు కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని, బెనె ఎఫ్రాయిము అని చెప్పుకుంటూ శనివారం సబ్బాతు పాటిస్తున్నాయి. మాదిగ వాడ నుంచి, చర్చి మీదుగా అక్కడికి చేరిన దారి వాళ్లది. వీళ్లెవరూ ఆ కథ అసలు హక్కుదారుల్ని గెంటేయలేదు. కథలో చోటు అడగడం వేరు, కథ సొంతదార్ని వెళ్లగొట్టడం వేరు.

ఈ కొలతతోనే మా పండితుల్నీ కొలవాలి. పదకొండో శతాబ్దపు అందలూసియాలో ఇబ్న్ హజ్మ్ తౌరాత్‌లో తప్పులు, వైరుధ్యాలు ఏరి అది చెడిపోయిన గ్రంథమని తీర్పు చెప్పాడు. పదిహేనో శతాబ్దపు కైరోలో అల్ బిఖాయి తన ఖురాన్ వ్యాఖ్యానంలో యూదు, క్రైస్తవ గ్రంథాల నుంచే నేరుగా ఉదాహరించాడు. సాటి పండితులు తప్పుబడితే దాన్ని సమర్థిస్తూ ఒక గ్రంథమే రాశాడు. ఇద్దరూ మా వాళ్లే. ఎవరి దారి పట్టాలన్నది మా చేతిలో ఉన్న పని. మూసా మా ప్రవక్త అని చెప్పుకుంటూ మూసా ప్రజల్ని తిట్టుపదం చేసుకుంటే, కళ్లకు గంతలు కట్టిన ఆ శిల్పి పనే మేమూ చేసినట్టు.

పాలస్తీనా సంగతి ఏమిటని అడుగుతారు. అడగాలి కూడా. 1948లో సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఇల్లూ వాకిలీ వదిలి పోవలసి వచ్చింది. కీత్ వైట్‌లామ్ 1996లో రాసిన పుస్తకం, ప్రాచీన ఇశ్రాయేలు కోసం జరిగిన వెతుకులాటలో ఆ నేల మీది ఇతర ప్రజల చరిత్ర ఎలా మూగబోయిందో చూపింది. 2023 అక్టోబర్‌లో హమాస్ దాడి తర్వాత ఇజ్రాయిల్ ప్రధాని నెతన్యాహు గాజా యుద్ధం గురించి మాట్లాడుతూ అమాలేకీయుల కథను గుర్తుచేశాడు. గ్రంథాన్ని భూమి దస్తావేజుగా, యుద్ధానికి అనుమతి పత్రంగా చదివితే ఎవరి చేతిలో ఉన్నా అది మనుషుల్నే కొడుతుంది. అదే గ్రంథంలో ఆమోసు అనే పశువుల కాపరి ఉన్నాడు. మిమ్మల్ని ఐగుప్తు నుంచి తెచ్చిన దేవుడే ఇతర జాతుల్నీ తెచ్చాడు, మీకేం ప్రత్యేకం అని తన వాళ్లనే నిలదీశాడు. ఒక ప్రభుత్వాన్ని ప్రశ్నించడానికి ఒక జాతి చరిత్రను ఎగతాళి చేయనక్కర లేదు. ఆ జాతి ప్రవక్తలే ఆ ప్రశ్న అడిగి పెట్టారు.

మా గతానికి కూడా ఇక్కడ ఎవరో పేర్లు పెడుతున్నారు. మా ఊళ్ల పేర్లు మారుస్తున్నారు, మా కట్టడాల కింద తమ చరిత్ర వెతుకుతున్నారు, మమ్మల్ని తమ కథలో దండయాత్ర అనే ఒక్క అధ్యాయానికి కుదిస్తున్నారు. అందుకే ఈ పరాయి చరిత్ర మాకు పరాయిది కాదు. మా కథను మేం చెప్పుకునే హక్కు అడుగుతున్నాం గనక, మాకన్నా ముందు ఆ హక్కు పోగొట్టుకున్నవాళ్ల కథ వాళ్ల నోటి నుంచే వినాలి. ఆ గ్రంథం తెరిచేటప్పుడు 'పాత' అన్న మాటను పక్కన పెడితే చాలు, వినడం మొదలవుతుంది.