ఆటమాటల పూర్వచరిత్ర

ఈ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసము వ్రాయవలసిందని కార్యవర్గమువారు కోరినప్పుడు మేము కొంత వెనుకాడినమాట నిజము. రాజులను గురించీ శాసనాలను గురించీ వ్రాయగల పాండిత్యము మాకు లేదు. పదవ తరగతి చదువుతో రైల్వే గుమాస్తాగిరీలో చేరినవారము. అయితే మా ఇంట్లో జరిగిన ఒక చిన్న ముచ్చట మమ్ము ఈ సాహసానికి పురికొల్పినది.

ఒక ఆదివారము భోజనానికి పిలిస్తే, సెల్‌ఫోనులో ఆట ఆడుకొంటున్న మా అబ్బాయి అవతల ఉన్న స్నేహితులతో "ఏ.ఎఫ్.కె., ఏ.ఎఫ్.కె." అని కేకవేసి లేచి వచ్చాడు. అప్పటికే కంచం ముందు కూర్చున్న మా అమ్మగారు "అది ఏ స్టేషనురా?" అని అడిగారు. ఇంటిల్లిపాదీ నవ్వాము. తరువాత ఆలోచిస్తే ఆమె అడిగినదాంట్లో తప్పేమీ అగుపడలేదు. ఖుర్దారోడ్డును కె.యు.ఆర్. అనీ, విజయవాడను బి.జెడ్.ఏ. అనీ ఇంట్లో అనేవారము మేమే గదా!

టిక్కెట్ల మీదా కాగితాల మీదా వ్రాయడానికి పుట్టిన ఈ పొడి అక్షరాలు మా నోటికి ఎప్పుడు ఎక్కినవో మాకే తెలియదు. బెజవాడ అన్న పేరు మారి ఏనాడో విజయవాడ అయినా, స్టేషను సంకేతములో బెజవాడ ఇంకా బ్రతికే ఉన్నది. రెండు స్టేషన్ల నడుమ దారి ఖాళీగా ఉన్నదని ముందు స్టేషనువారు ఒప్పుకొంటేగాని ఇవతలి స్టేషను నుండి బండి కదలరాదు. ఆ ఒప్పుదలకు "లైన్ క్లియర్" అని పేరు. ఈనాడు పెళ్ళి కుదిరినా "లైన్ క్లియర్" అంటారు, సినిమా విడుదలకు అడ్డు తొలగినా పత్రికలవారు అదే వ్రాస్తారు. ఒక వృత్తివారి మాట ఊరందరి మాట అయినదన్నమాట.

ఆటల మాటలు సంసారములోకి రావడము కూడా మన తెలుగువారికి కొత్త కాదు. "వాడి పాచిక పారలేదు" అంటాము, చేతిలో పాచికలు ఉండవు. "ఎత్తుకు పైఎత్తు వేశాడు", "పావులు కదుపుతున్నాడు", "ఆట కట్టించాడు" అనే మాటలు చదరంగపు బల్ల మీద నుండి లేచి వచ్చినవే. చదరంగము ఎన్నడూ ఆడనివారు సైతము వీటిని ధారాళంగా వాడుతారు. కనుక ఆటమాట ఆడే పిల్లవానిని కోప్పడేముందు మన నాలుకను మనము ఒకసారి చూచుకోవలెను.

ఇక అక్షరాల మాటల చరిత్ర. వీటిలో జగత్ప్రసిద్ధమైనది ఓ.కె. ఇది 1839 మార్చి 23న అమెరికాలోని బోస్టన్ నగరపు పత్రిక ఒకదానిలో అచ్చయినది. "అంతా సరి" అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలను కావాలని తప్పు అక్షరాలతో వ్రాసి, వాటి మొదటి అక్షరాలను తీసికొని చేసిన వేళాకోళమది. మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికలలో వాన్ బ్యూరెన్ పక్షమువారు ఆ అక్షరాలనే నినాదము చేసికొన్నారు. ఆనాటి పరిహాసము ఈనాడు ఊరూరా వినబడుతున్నది.

తరువాత తంతి యుగము వచ్చినది. తీగ మీద ఒక్కొక్క అక్షరమూ కొట్టవలసి వచ్చేసరికి, పంపేవారు మాటలను కురచచేశారు. 1879లో ఫిలిప్స్ అనే ఆయన పత్రికా వార్తలను తంతిలో పంపేవారి కొరకు ఒక సంకేతావళిని ప్రకటించాడు. అమెరికా సుప్రీంకోర్టుకు అందులో ఉన్న "స్కోటస్" అన్న పొట్టిపేరును ఇప్పుడు అక్కడివారు నోటితోనే పలుకుతున్నారు. తంతివారు శుభాకాంక్షలకు బదులు 73 అనే అంకెను కొట్టేవారు. హాము రేడియోవారు నేటికీ దానిని పైకి అంటారు. మన దేశములో టెలిగ్రాములు 2013 జూలైలో ఆగిపోయినవి. ఆ సంకేతాలలో కొన్ని మాత్రము మిగిలినవి.

పిల్లలు నేడు "ఓ.ఎం.జి." అంటే మనము ఇది నిన్న మొన్నటిదనుకొంటాము. కాని 1917 సెప్టెంబరు 9న బ్రిటిషు నౌకాదళపు వృద్ధ సేనాని ఫిషర్ ప్రభువు చర్చిల్‌కు వ్రాసిన లేఖలో ఆ మూడక్షరాలు ఉన్నవి. ఒక విశేషము గమనించండి. చదివేవారికి తెలియదేమోనని ఆయన పక్కనే పూర్తి మాటలు కూడా వ్రాశాడు. ఈ మర్యాదను చదువరులు గుర్తుంచుకొన ప్రార్థన. 2011లో ఆక్స్‌ఫర్డు నిఘంటువువారు ఓ.ఎం.జి.కి, "లోల్" అనే నవ్వుమాటకు చోటిచ్చారు.

కంప్యూటరు ఆటలలో మీటలు నొక్కే చేతికి వాక్యాలు వ్రాసే తీరిక ఉండదు. అందువల్ల "మీటల పలక దగ్గర లేను" అనడానికి ఏ.ఎఫ్.కె., "మంచి ఆట" అనడానికి జి.జి. పుట్టినవి. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ అనే ఆట దక్షిణ కొరియాలో టెలివిజనుకు ఎక్కినది. ఓడినవాడు మర్యాదగా జి.జి. అని కొట్టి ఓటమి ఒప్పుకొనేవాడు. అది తెరమీద కనబడగానే వ్యాఖ్యాతలు "జీజీ!" అని కేకవేసేవారు. తరువాత ఆటగాళ్ళు మైకు పెట్టుకొని మాటలాడుతూ ఆడసాగిన కొలదీ, వ్రాత మాటలు నోటి మాటలైనవి.

మన దేశములో 2016లో జియో వచ్చి ఇంటర్నెట్టు చౌక అయినది. 2018లో పబ్‌జీ ఆట సెల్‌ఫోనులోకి వచ్చినది. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వము దానిని నిషేధించినది, 2021లో అది పేరు మార్చుకొని తిరిగి వచ్చినది. నడుమ ఆట లేని రోజులలోనూ మాటలు పోలేదు. పెన్సిలు ముక్కు విరిగితే "జీజీ", బస్సు తప్పిపోతే "జీజీ". సెల్‌ఫోనుకు విడిగా మీటల పలకే లేదు, అయినా "ఏ.ఎఫ్.కె." ఉన్నది. బెజవాడ పోయినా బి.జెడ్.ఏ. ఉన్నట్లే!

ఈ మాటలవల్ల మన పిల్లల తెలుగు చెడుతున్నదని కొందరు పెద్దల బాధ. మాకూ బాధ లేకపోలేదు. మా వాడు బడిలో ఇంగ్లీషు, వీధిలో ఒడియా మాటలాడుతాడు. తెలుగు ఇంట్లో మాత్రమే. స్నేహితులతో గంటసేపు మాటలాడినవాడు నానమ్మతో "తిన్నాను", "వస్తాను" అని ఊరుకొంటాడు. మా భయమంతా ఈ రెండు మాటలను గురించే. జీజీ వల్ల తెలుగు పోదు, నానమ్మతో మాట్లాడే మాటలు రెండుకు దిగితే పోతుంది.

ఆనాడు మా వాడిని ఏ.ఎఫ్.కె. అంటే ఏమిటో నానమ్మకు చెప్పమన్నాము. చెప్పడానికి వాడు చాలా తెలుగు వెదకుకోవలసి వచ్చినది. ఆమె విని, అటక మీది గవ్వలు దింపించి అష్టాచెమ్మా నేర్పారు. మరునాడు సెల్‌ఫోనులో గెలిచి, ఒడియా స్నేహితులతో మా వాడు "కాయ పండింది!" అన్నాడు. "అంటే ఏమిటి?" అని వారు అడిగినట్లున్నారు, చాలాసేపు విడమరచి చెప్పాడు.

పిల్లల మాటలను నిషేధించవద్దు, అర్థము చెప్పమని అడుగుదాము. మన మాటలకూ వారికి అర్థము చెబుదాము. ఫిషర్ ప్రభువు మర్యాద అదే గదా! చదువరులందరికీ 73, అనగా శుభాకాంక్షలు.