నాక్ సెన్సర్ లోప నిర్ధారణ

నాక్ సెన్సర్: పెట్రోలు ఇంజిన్‌లో నాకింగ్‌ను పసిగట్టి ఇంజిన్ కంట్రోల్ యూనిట్‌కు (ఈసీయూ) తెలిపే భాగం. సెన్సర్ చెడిందా, దాని వైరింగ్ చెడిందా, లేక ఇంజిన్‌లో నిజంగానే నాకింగ్ వస్తోందా అని తేల్చడమే ఈ నిర్ధారణ లక్ష్యం. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట సిలిండర్ అంచులకు చేరేలోగా, అక్కడ మిగిలిన గాలి–పెట్రోలు మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటే పుట్టే పీడన తరంగాలనే నాకింగ్ అంటారు. అది ఎక్కువ కాలం సాగితే పిస్టన్లపై గుంటలు పడతాయి, హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది.

తొలి పరిశోధనలు

నాకింగ్‌కు మూలం ఇంధనంలోనే ఉందని మొదట గుర్తించినవారిలో బ్రిటిష్ ఇంజనీరు హ్యారీ రికార్డో ముఖ్యుడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, కంప్రెషన్‌ను నడుస్తుండగానే మార్చగల ఇ35 అనే ప్రయోగ ఇంజిన్‌తో ఆయన రకరకాల ఇంధనాలను నిశితంగా పోల్చాడు.

అదే కాలంలో అమెరికాలోని డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్, థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీర్లు ఇదే సమస్యపై పనిచేశారు. ఆకుల అడుగు ఎర్రగా ఉండే ఒక మొక్క వేడిని ఎక్కువగా గ్రహించి చలి ఉండగానే పూస్తుందని, అలాగే ఎర్ర రంగు కలిపిన ఇంధనం త్వరగా ఆవిరై నాకింగ్ తగ్గుతుందని వారు ఊహించారు. 1916 డిసెంబరులో మిడ్జ్‌లీ కిరోసిన్‌లో అయొడిన్ కలిపి చూడగా నాకింగ్ తగ్గింది. మామూలు రంగులు కలిపితే మాత్రం తగ్గలేదు. పనిచేసింది రంగు కాదు, అయొడిన్ రసాయన గుణం. అనిలిన్, సెలీనియం, టెల్లూరియం సమ్మేళనాలను పరీక్షించాక 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం నాకింగ్‌ను అణచివేస్తుందని తేలింది. 1923 ఫిబ్రవరి 2న డేటన్‌లోనే సీసం కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. మరుసటి ఏడాది అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారంలో సీసపు విషానికి ఐదుగురు కార్మికులు బలయ్యారు. అయినా అమ్మకం కొంతకాలమే ఆగి మళ్లీ సాగింది.

నాకింగ్‌ను కొలిచే సాధనం కూడా డేటన్ బృందం నుంచే వచ్చింది. మిడ్జ్‌లీ, ఆయన సహచరుడు టి.ఎ. బాయిడ్ రూపొందించిన 'బౌన్సింగ్ పిన్' పరికరంలో, నాక్ వచ్చినప్పుడల్లా ఒక ఉక్కు పిన్ను ఎగిరి విద్యుత్ వలయాన్ని కలుపుతుంది. నేటి నాక్ సెన్సర్‌కు దీన్ని పూర్వరూపంగా భావించవచ్చు. 1926లో రసాయన శాస్త్రవేత్త గ్రాహం ఎడ్గార్ ఐసో–ఆక్టేన్‌కు 100, హెప్టేన్‌కు 0 చొప్పున ఆక్టేన్ కొలమానాన్ని ప్రతిపాదించాడు. 1928లో వాకెషా కంపెనీ ఆక్టేన్ కొలిచే ప్రామాణిక పరీక్షా ఇంజిన్‌ను తయారుచేసింది.

1930లలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన చార్లెస్ స్టార్క్ డ్రేపర్, నాక్ కంపనాల పౌనఃపున్యం సిలిండర్ వ్యాసంపై ఆధారపడుతుందని నిరూపించాడు. 80 మిల్లీమీటర్ల బోరు ఉన్న ఇంజిన్‌లో అది దాదాపు 7 కిలోహెర్ట్జ్. ఈ విలువైన సూత్రమే సెన్సర్ల రూపకల్పనకు నేటికీ పునాది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు కార్లలో నాకింగ్ నివారణ పెట్రోలు నాణ్యత మీద, మెకానిక్ చెవి మీదే ఆధారపడింది.

ఎలక్ట్రానిక్ దశ

ఒత్తిడి పడితే కొన్ని స్ఫటికాల్లో విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లోనే కనుగొన్నారు. నేటి నాక్ సెన్సర్లు ఆ పీజో సూత్రంతో పనిచేస్తాయి. కార్లలోకి నాక్ సెన్సర్‌ను తెచ్చినవాటిలో బ్యూక్ 1978 టర్బో వీ6 ఒకటి. 1982 మోడల్ సాబ్ టర్బోలో నాక్ సంకేతాన్ని బట్టి టర్బో పీడనాన్నే తగ్గించే ఏర్పాటు వచ్చింది. నాక్ వినిపించగానే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను కొన్ని డిగ్రీలు వెనక్కి జరిపి, తర్వాత మెల్లగా ముందుకు తెస్తుంది. సెన్సర్ పనిచేయడం మానేస్తే ముందుజాగ్రత్తగా టైమింగ్‌ను వెనకే ఉంచుతుంది. కారు లాగడం లేదని, మైలేజీ పడిపోయిందని యజమాని గమనించేది అప్పుడే.

1996 నుంచి అమెరికా కార్లన్నిటికీ ఓబీడీ–2 (కారు తన లోపాలను తానే గుర్తించే వ్యవస్థ) తప్పనిసరి కావడంతో లోపాల కోడ్‌లు ఏకరూపమయ్యాయి. పీ0325 సర్క్యూట్ లోపాన్ని, పీ0326 సంకేతం పరిధి తప్పడాన్ని, పీ0327 సంకేతం మరీ తక్కువ కావడాన్ని, పీ0328 మరీ ఎక్కువ కావడాన్ని సూచిస్తాయి. వీటిలో ఏ కోడ్ వచ్చినా అది సెన్సర్ చెడిందనడానికి రుజువు కాదు. కనెక్టర్, వైరు, ఎర్త్, సెన్సర్ అన్నీ కలిసిన సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని మాత్రమే అది చెబుతుంది.

నిర్ధారణ విధానం

అనుభవజ్ఞులైన మెకానిక్‌లు సెన్సర్‌ను చివరగా అనుమానిస్తారు. మొదట కనెక్టర్‌లో తుప్పు, తేమ, ఎలుకలు కొరికిన వైర్లు చూస్తారు. 1997లో వచ్చిన జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్1 ఇంజిన్‌లో సెన్సర్లు ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉండేవి. అక్కడ నీరు చేరి వెనక సెన్సర్ తుప్పుపట్టడం పేరుమోసిన లోపం. తర్వాతి తరం ఇంజిన్లలో వాటిని బ్లాక్ పక్కలకు మార్చారు.

రెండోది బిగింపు. బాష్ తరహా సెన్సర్‌కు 20 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. వాషర్, రంగు, తుప్పు అడ్డం రాకుండా సెన్సర్ ముఖం బ్లాక్ లోహానికి నేరుగా ఆనాలి. తర్వాత మల్టీమీటర్‌తో నిరోధం చూస్తారు. కొన్నింటిలో అది మెగాఓమ్ దాటుతుంది, లోపల రెసిస్టర్ ఉన్నవాటిలో కొన్ని లక్షల ఓములే ఉంటుంది. కాబట్టి ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ లేనిదే అంకెకు అర్థం లేదు. చివరిగా సెన్సర్ దగ్గర బ్లాక్‌పై మెల్లగా తట్టి, ఆసిలోస్కోప్‌లో ఏసీ తరంగం వస్తోందో లేదో చూస్తారు.

సంకేతం సవ్యంగా ఉంటే అసలు నాకింగ్‌కు కారణం వెతకాలి. పిస్టన్ తలపై కార్బన్, ఇంజిన్ వేడెక్కడం, తప్పు హీట్ రేంజ్ ప్లగ్, నాసిరకం పెట్రోలు ప్రధాన కారణాలు. వదులైన బ్రాకెట్ చప్పుడును కూడా సెన్సర్ నాక్‌గా పొరబడవచ్చు.

భారతదేశంలో, భిలాయ్‌లో

కార్బురేటర్ అంబాసిడర్ల కాలంలో ఎత్తెక్కేటప్పుడు నాకింగ్ వస్తే డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్ పెట్టడమే మందు. సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో మొదలై, 2000 ఫిబ్రవరికి దేశమంతటా అమల్లోకి వచ్చింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లతో పాటు నాక్ సెన్సర్ వ్యాపించింది. 2010 నుంచి ఓబీడీ–1, 2013 నుంచి ఓబీడీ–2 తప్పనిసరి అయ్యాయి.

1955లో సోవియట్ ఒప్పందంతో రూపుదిద్దుకున్న, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలను అక్కడికి రప్పించింది. పక్కనున్న హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామిక ప్రాంతంగా ఎదిగింది. ఉక్కు కర్మాగారాల్లో తిరిగే యంత్రాల బేరింగులు ఎప్పుడు చెడతాయో ముందే కనిపెట్టడానికి వాడే కంపన సెన్సర్లు కూడా పీజో సూత్రంతోనే పనిచేస్తాయి. కాబట్టి కంపనాన్ని బట్టి లోపం కనిపెట్టడం ఇలాంటి పారిశ్రామిక ప్రాంతాలకు కొత్త విద్య కాదు.

ఛత్తీస్‌గఢ్ మైదానంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఇంజిన్‌లోకి వేడి గాలి పోయేకొద్దీ నాకింగ్ అవకాశం పెరుగుతుంది కనుక, మే నెలలో వచ్చిన కోడ్‌ను డిసెంబరులో వచ్చిన కోడ్‌లా చూడకూడదు. 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక ప్రతి లోపాన్నీ దానికే అంటగట్టడం కనిపిస్తోంది. నాకింగ్ విషయంలో ఇది సరికాదు. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య సుమారు 108, అంటే నాకింగ్‌ను అది తగ్గించాలే తప్ప పెంచకూడదు. ఇక్కడ కూడా పరీక్ష కనెక్టర్ నుంచే మొదలవ్వాలి.