అరువు తెచ్చుకొన్న శిష్యరికము

పరదేశమునుండి యంత్రమును తెచ్చుకొనవచ్చును. పని నేర్పు పద్ధతిని తెచ్చుకొనుట అంత సులభమా? దక్షిణ కొరియా అనుభవమును మనము పరిశీలింతము.

జర్మనీలో వృత్తి నేర్చుకొనువారు వారమున ఒకటి రెండు దినములు బడిలోను, తక్కిన దినములు పనిచోటను గడుపుదురు. ఈ ఏర్పాటు ఒక్కనాట పుట్టినది కాదు. 1897 నాటి చట్టము శిష్యరిక పర్యవేక్షణను చేతివృత్తుల మండలుల కప్పగించెను. 1900 మొదలుకొని మ్యూనిక్ నగరమున కెర్షెన్‌స్టైనర్ అను విద్యావేత్త వృత్తులవారీగా బడులను తీర్చిదిద్దెను. 1969లో గాని దేశమంతటికి వర్తించు శిక్షణ చట్టము రాలేదు.

దీనిని ఆదర్శముగా గొని కొరియా ప్రభుత్వము 1994లో వృత్తి విద్యాలయములందు 'రెండు ప్లస్ ఒకటి' పద్ధతిని ప్రవేశపెట్టెను. రెండేండ్లు బడి, మూడవ యేడు కర్మాగారము. కాలపట్టిక మారినది, కాని కర్మాగారములలో నేర్పువారు సిద్ధముగా లేరు. పలుచోట్ల విద్యార్థి చౌకగా దొరకిన కూలివాడయ్యెను. తల్లిదండ్రుల చూపు విశ్వవిద్యాలయము మీదనే నిలిచెను. 1997 చివర ఆర్థిక సంక్షోభము రాగా ఈ పద్ధతి క్షీణించెను.

2014లో ఆ దేశము మరల పూనుకొనెను. ఈసారి సంస్థ ముందుగా యువకులను ఉద్యోగులుగా చేర్చుకొని, పిమ్మట శిక్షణ నిచ్చు ఏర్పాటు చేసిరి. నేర్పు ఉద్యోగులకును తరిఫీదు కల్పించిరి.

కావున మన బిడ్డను పని నేర్చుకొనుటకు పంపునపుడు, అచట నేర్పు బాధ్యత ఎవరిదని మనము మొదట అడుగవలెను. జవాబు లేనిచో అది శిక్షణ కాదు, చాకిరియే.